బయటి పోర్టులు వీఎంకు, లోపలి పోర్టు హోస్ట్‌కు: నెట్‌వర్క్ కార్డు పాస్‌త్రూ గురించి

ఒకే కంప్యూటర్‌లో రౌటర్‌ను, ఫైల్ సర్వర్‌ను, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉండే విండోస్‌ను వేర్వేరు వర్చువల్ మెషీన్లుగా (వీఎంలుగా) నడపాలనుకున్నవారు మొదటే తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఇంటర్నెట్ కేబుల్ వచ్చి చేరే నెట్‌వర్క్ పోర్టును హోస్ట్ (వీఎంలన్నిటినీ మోసే అసలు సిస్టమ్) చేతిలోనే ఉంచి, దానిమీద ఒక బ్రిడ్జి, అంటే సాఫ్ట్‌వేర్ స్విచ్, కట్టి, రౌటర్ వీఎంకు సాఫ్ట్‌వేర్‌తో తయారైన కార్డును చూపించవచ్చు. లేదా హోస్ట్ ఆ కార్డుమీద హక్కును పూర్తిగా వదులుకొని, దాన్ని ఉన్నదున్నట్టుగా వీఎంకే అప్పగించవచ్చు. ఈ రెండవ పద్ధతిని పీసీఐ పాస్‌త్రూ అంటారు. దీన్ని గురించి రాసేవారిలో చాలామంది వేగం కోసం చేయమంటారు. చిన్న ఆఫీసుల విషయంలో ఆ కారణం దాదాపుగా నిలవదని, అసలు కారణం భద్రతకు సంబంధించినదని, ఆ కారణం కోసమైతే బయటి వైపు పోర్టులను మాత్రమే అప్పగిస్తే చాలునని, లోపలి పోర్టును కూడా అప్పగిస్తే లాభం కంటే నష్టమే ఎక్కువని నా అభిప్రాయం.

కర్నూలులో మా బావ నడుపుతున్న డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో అమర్చిన ఏర్పాటును దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. గాయత్రీ ఎస్టేట్ చుట్టుపక్కల ఆసుపత్రులూ ల్యాబులూ ఎంత ఒత్తుగా ఉన్నాయో ఊరివారికి చెప్పనక్కరలేదు. వాటిలో చిన్నవాటి పరిస్థితి ఇంచుమించు ఒకటే. ఒక ఫైబర్ కనెక్షన్, అది పోయినప్పుడు ఆదుకొనే మరొక చిన్న కనెక్షన్, రిపోర్టులు ప్రింటు తీసే కొన్ని కంప్యూటర్లు, వాటన్నిటికీ దిక్కుగా మూలన ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్. బావ ల్యాబ్‌లో ఆ డెస్క్‌టాప్‌మీద, వీఎంలను నడిపే లినక్సు సిస్టమ్ అయిన ప్రాక్స్‌మాక్స్ వేసి, రౌటర్‌గా ఓపీఎన్‌సెన్స్‌ను ఒక వీఎంలో పెట్టాను. "ఇదంతా ఎందుకప్పా, ఆ డబ్బా రౌటరే సాలదా?" అని ఆయన అడిగినాడు. అడగవలసిన ప్రశ్నే. పేషెంట్ల రిపోర్టులు ఉండే మెషీన్లు ఒకవైపు, వచ్చిపోయేవారు వాడుకొనే వై-ఫై మరొకవైపు విడిగా ఉండాలి; ఒక కనెక్షన్ పోతే రెండవదానికి ఎవరి చేయీ పడకుండా మారాలి; ఏ ప్యాకెట్ ఎందుకు ఆగిందో లాగ్‌లో కనిపించాలి. కనెక్షన్‌తో పాటు ఇచ్చే డబ్బా ఇవన్నీ చేయదు. రౌటర్‌కు ప్రత్యేకంగా మరొక కంప్యూటర్ కొనే పని లేకుండా, ఉన్న పెట్టెలోనే దాన్ని కూడా ఇమడ్చాలనుకున్నప్పుడు బయటి పోర్టు ప్రశ్న వస్తుంది.

ముందుగా వేగం లెక్క చూద్దాం. గిగాబిట్ ఈథర్‌నెట్ తీగమీద 1500 బైట్ల ప్యాకెట్లు ఆగకుండా వెళ్తూ ఉంటే, ఈథర్‌నెట్ హెడర్, చివరి చెక్‌సమ్, ముందు వచ్చే ప్రీయాంబుల్, రెండు ఫ్రేముల మధ్య విరామం అన్నీ కలిపి ఒక్కొక్కటి 1538 బైట్ల చోటు తీసుకొంటుంది. అంటే సెకనుకు సుమారు 81 వేల ప్యాకెట్లు. లినక్సులో వీఎంలను నడిపే కేవీఎంలో, వర్ట్ఐఓ అనే సాఫ్ట్‌వేర్ కార్డుకు హోస్ట్ కెర్నల్‌లో నడిచే వీహోస్ట్ తోడైతే, నాలుగైదు తరాల కిందటి డెస్క్‌టాప్ ప్రాసెసరు కూడా ఈ భారాన్ని మోస్తుంది. అవే 64 బైట్ల అతి చిన్న ఫ్రేములైతే గిగాబిట్‌లోనే సెకనుకు 14.88 లక్షలు, పది గిగాబిట్లలో దానికి పదింతలు. అక్కడ ప్రతి ప్యాకెట్టుకూ హోస్ట్ కెర్నల్ చేసే పని, కాపీలు, వీఎంను లేపే సంకేతాలు అన్నీ బరువవుతాయి కాబట్టి, టెలికాం సంస్థలూ డేటా సెంటర్లూ పాస్‌త్రూ వైపు మొగ్గడంలో అర్థం ఉంది. సెకనుకు రెండు మూడు వందల మెగాబిట్ల ఫైబర్ కనెక్షన్ ఉన్న ల్యాబ్‌కు ఆ లెక్క వర్తించదు. ఆలస్యం తగ్గుతుందన్న వాదన కూడా ఇంతే. పాస్‌త్రూతో మిగిలేది మైక్రోసెకన్లు, కర్నూలు నుంచి హైదరాబాద్ దాకా వెళ్లిరావడానికి ప్యాకెట్టు తీసుకొనేది మిల్లీసెకన్లు.

అసలు కారణానికి వస్తాను. బ్రిడ్జి పద్ధతిలో, బయటి నుంచి వచ్చే ప్రతి ఫ్రేమునూ మొదట అందుకొనేది హోస్ట్ కెర్నలే. ఫైర్‌వాల్ ఉన్నది వీఎం లోపల. దానికంటే ముందే హోస్ట్‌లోని కార్డు డ్రైవరు, బ్రిడ్జి కోడు ఆ ఫ్రేమును ముట్టుకొంటాయి. హోస్ట్ దెబ్బతింటే దానిమీద ఉన్న వీఎంలన్నీ, వాటి డిస్కులతో సహా, దెబ్బతిన్నట్టే. ఇంతకంటే ఆచరణలో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఐపీవీ6 వల్ల వస్తుంది. బ్రిడ్జికి ఐపీ అడ్రసు ఇవ్వలేదు కాబట్టి హోస్ట్ బయటికి కనిపించదని చాలామంది నమ్ముతారు. ఐపీవీ4 వరకు అది నిజమే. ఐపీవీ6ను ప్రత్యేకంగా ఆపి ఉంచకపోతే మాత్రం లినక్సు ఆ బ్రిడ్జికి ఒక లింక్-లోకల్ అడ్రసును (అదే తీగమీద ఉన్నవారికి మాత్రమే అందేది) తనంతట తానే తగిలిస్తుంది. కనెక్షన్ వైపు నుంచి రౌటర్ ప్రకటనలు వస్తూ ఉంటే, సెట్టింగులను బట్టి పబ్లిక్ అడ్రసు కూడా వచ్చి చేరవచ్చు. ప్రాక్స్‌మాక్స్ వెబ్ పేజీ 8006వ పోర్టులో వింటూ ఉంటుంది. అంటే ఫైర్‌వాల్‌తో నిమిత్తం లేకుండా, హోస్ట్ లాగిన్ పేజీ వీధిలోకి తెరుచుకొనే అవకాశం ఉందన్నమాట. కెర్నల్ సెట్టింగులతో దీన్ని మూయవచ్చు, హోస్ట్‌మీద వేరే ఫైర్‌వాల్ నియమాలు కూడా రాయవచ్చు. అయితే ఆ సెట్టింగు ఉండవలసిన చోట ఉందా లేదా అని ప్రతి అప్‌గ్రేడ్ తరువాతా ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. కార్డును అప్పగించేస్తే హోస్ట్‌లో ఆ ఇంటర్‌ఫేసే ఉండదు. లేనిదానికి అడ్రసు రాదు, తనిఖీ చేయవలసిన అవసరమూ లేదు.

ఇక ఇది లోపల ఎలా జరుగుతుందో కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తరువాత వచ్చే ఇబ్బందులన్నిటికీ మూలం అక్కడే ఉంది. నెట్‌వర్క్ కార్డు తనకు వచ్చిన ప్యాకెట్టును ప్రాసెసరు చేతికి ఇవ్వదు. డ్రైవరు ముందే రాసిపెట్టిన మెమరీ అడ్రసులను చూసుకొని, నేరుగా ర్యామ్‌లోకి రాసేస్తుంది. దీన్నే డీఎంఏ అంటారు. వీఎంలో నడిచే డ్రైవరు కూడా అలాగే అడ్రసులు రాసిపెడుతుంది, కానీ వీఎం తనకు ఉందనుకొనే మెమరీ అసలు ర్యామ్‌లో ఆ అడ్రసులలో ఉండదు. సున్నా నుంచి మొదలవుతుందని వీఎం అనుకొంటున్న మెమరీ, అసలు ర్యామ్‌లో ఎక్కడెక్కడో ముక్కలుగా పరుచుకొని ఉంటుంది. ఆ అడ్రసులను కార్డు ఉన్నవున్నట్టుగా నమ్మితే, ప్యాకెట్టు పోయి హోస్ట్ కెర్నల్‌మీదో పక్క వీఎంమీదో పడుతుంది. అందుకని పరికరాలకూ ర్యామ్‌కూ నడుమ ఐఓఎంఎంయూ అనే భాగం ఉండాలి. ఇంటెల్ దాన్ని వీటీ-డీ అంటుంది, ఏఎండీ తన దాన్ని ఏఎండీ-వీఐ అంటుంది. కార్డు ఏ అడ్రసును అడిగినా, అది ఏ వీఎంకు చెందిన కార్డో చూసి, ఆ వీఎం పట్టికలో ఉన్న అసలు అడ్రసుకు మార్చి పంపడం, పట్టికలో లేనిదైతే ఆపివేయడం దాని పని. ఇంటరప్టుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఆధునిక పీసీఐ పరికరాలు ఇంటరప్టును కూడా ఒక మెమరీ రాతగానే పంపుతాయి కాబట్టి, వీఎం చేతిలో ఉన్న కార్డు దొంగ ఇంటరప్టులు పుట్టించకుండా రీమ్యాపింగ్ ఉండాలి. అది లేని పాత మెషీన్లలో లినక్సు పాస్‌త్రూకు ఒప్పుకోదు. ప్రమాదాన్ని ఒప్పుకొంటున్నట్టు ఒక ఆప్షన్ ఇస్తేనే సాగనిస్తుంది. ఆఫీసు వాకిట్లో పెట్టే మెషీన్‌కు ఆ ఆప్షన్ వాడకూడదని నా మాట.

లినక్సులో ఈ అప్పగింతను నడిపేది వీఎఫ్ఐఓ. కేవీఎం 2007లో 2.6.20 కెర్నల్‌తో వచ్చింది. మొదట్లో పాస్‌త్రూ కేవీఎంలోనే ఉండే వేరొక పద్ధతిలో జరిగేది. 2012లో 3.6 కెర్నల్‌తో వీఎఫ్ఐఓ వచ్చాక ఆ పాత పద్ధతి వెనకబడింది, తరువాత దాన్ని తీసేశారు. వీఎఫ్ఐఓ-పీసీఐ అనే చిన్న డ్రైవరు కార్డును హోస్ట్ తరఫున పట్టుకొని కూర్చుంటుంది; అంతకుమించి కార్డుతో ఏ పనీ చేయదు. కార్డు రిజిస్టర్లు ఉండే ప్రాంతాన్ని వీఎం మెమరీలోకి నేరుగా చూపిస్తుంది, కాబట్టి ప్యాకెట్లు వచ్చిపోయేటప్పుడు హోస్ట్ జోక్యం ఉండదు. పీసీఐ కాన్ఫిగరేషన్ వంటి సున్నితమైన చోట్లను మాత్రం, వీఎంకు హార్డ్‌వేర్‌ను అనుకరించి చూపే క్యూఈఎంయూ మధ్యలో నిలబడి వడకడుతుంది.

బయోస్‌లో తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. వీటీ-ఎక్స్, వీటీ-డీ రెండూ వేర్వేరు. మొదటిది ఉంటే వీఎంలు నడుస్తాయి, రెండవది ఉంటేనే పరికరాలను అప్పగించడం కుదురుతుంది. వీఎంలు హాయిగా నడుస్తున్నాయి కదా అని పాస్‌త్రూ కూడా ఉంటుందనుకోకూడదు. సెకండ్ హ్యాండ్ మెషీన్ కొనేవారు ప్రాసెసర్ మోడల్ దగ్గర కూడా ఆగి చూడాలి. ఇంటెల్ రెండవ తరంలో మామూలు ఐ5-2500కు వీటీ-డీ ఉంది, ఖరీదైన ఐ5-2500కేకు లేదు; నాలుగవ తరంలో ఐ7-4770కు ఉంది, ఐ7-4770కేకు లేదు. ఎక్కువ డబ్బు పెట్టినవాడికి తక్కువ దొరికిన సందర్భమిది. ప్రాసెసరు సరే అన్నా మదర్‌బోర్డు బయోస్‌లో ఆ ఆప్షనే లేకపోవచ్చు. ఆఫీసుల కోసం తయారైన డెస్క్‌టాప్‌లలో సాధారణంగా ఉంటుంది, అందుకే నేను వాటినే వెతుకుతాను. బయోస్‌లో తెరిచిన తరువాత ఇంటెల్ మెషీన్లలో కెర్నల్ కమాండ్ లైన్‌లో కూడా ఐఓఎంఎంయూను ఆన్ చేయవలసి రావచ్చు; బూట్ లాగ్‌లో డీఎంఏఆర్ అన్న వరసలు, రీమ్యాపింగ్ మొదలైందన్న మాట కనిపిస్తే ఈ మెట్టు దాటినట్టు.

ఎక్కువమంది చిక్కుకొనేది ఐఓఎంఎంయూ గ్రూపుల దగ్గర. అప్పగించే యూనిట్ కార్డు కాదు, గ్రూపు. ఒక గ్రూపులో ఉన్న పరికరాలన్నీ ఒకే వీఎంకు వెళ్లాలి, లేదా ఎవరికీ చెందకుండా ఉండాలి; ఒకటి వీఎంకు ఇచ్చి మరొకటి హోస్ట్ వాడుకోవడం కుదరదు. పీసీఐ దారులను కలిపే బ్రిడ్జి పరికరాలకు (నెట్‌వర్క్ బ్రిడ్జి వేరు) మాత్రమే మినహాయింపు. ఇది లినక్సు మొండితనం అనిపిస్తుంది కానీ కారణం గట్టిది. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఒకే స్విచ్ కింద ఉన్న రెండు పరికరాలు పైకి, అంటే ఐఓఎంఎంయూ దాకా, వెళ్లకుండానే తమలో తాము డేటా పంపుకోగలవు. వీధి గుమ్మంలో కాపలా పెట్టి, పక్కపక్క ఇళ్ల నడుమ పెరటి తలుపు తెరిచి ఉంచితే కాపలావాడు ఏమి చూస్తాడు? ఆ తలుపు మూయగల సౌకర్యం ఏసీఎస్. ఆ పోర్టుకు ఏసీఎస్ ఉందని హార్డ్‌వేర్ చెబితే లినక్సు పరికరాలను విడివిడి గ్రూపులుగా చూపిస్తుంది. చెప్పకపోతే అన్నిటినీ ఒకే గ్రూపులో పడేస్తుంది.

కాబట్టి కార్డును ఏ స్లాటులో గుచ్చామన్నది ముఖ్యమవుతుంది. సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ కోసం ఉండే పెద్ద స్లాటు నేరుగా ప్రాసెసరుకు కలిసి ఉంటుంది, దానికి తరచుగా ఏసీఎస్ ఉండదు. అందులో మన కార్డు ఒక్కటే ఉంటే ఇబ్బంది లేదు, ఆ దారులను రెండు స్లాటులకు పంచిన బోర్డులలో రెండు కార్డులు పెడితే మాత్రం రెండూ ఒకే గ్రూపులోకి వస్తాయి. చిప్‌సెట్ కింద ఉండే చిన్న స్లాటులు ఇంటెల్ బోర్డులలో చాలావరకు విడిగా వస్తాయి. పాతకాలపు మామూలు పీసీఐ స్లాటులైతే ఎన్ని ఉన్నా అన్నీ ఒకే బ్రిడ్జి వెనక, ఒకే గ్రూపు. వాటిమీద ఆశ పెట్టుకోనక్కరలేదు. గ్రూపు బాగా లేదనిపిస్తే నేను మొదట చేసేది కార్డు తీసి పక్క స్లాటులో పెట్టి మళ్లీ చూడటం. లినక్సు పరికరాల వివరాలు చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో (/sys) కెర్నల్ కింద గ్రూపుల డైరెక్టరీ ఉంటుంది. ప్రాక్స్‌మాక్స్‌లోనైతే వీఎంకు పీసీఐ పరికరం చేర్చే కిటికీలోనే గ్రూపు సంఖ్య కనిపిస్తుంది.

ఏసీఎస్ ఓవర్‌రైడ్ అనే ప్యాచ్ ఒకటి చలామణిలో ఉంది. అది అసలు లినక్సు కెర్నల్‌లోకి ఎన్నడూ రాలేదు గానీ ప్రాక్స్‌మాక్స్ కెర్నల్‌లో ఆప్షన్‌గా దొరుకుతుంది. లేని ఏసీఎస్‌ను ఉన్నట్టుగా నటించి గ్రూపులను విడదీయడం దాని పని. ఇంట్లో ఆటల కోసం గ్రాఫిక్స్ కార్డు అప్పగించేవాడు దాన్ని వాడుకొంటే నాకు అభ్యంతరం లేదు. ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడే వీఎంను హోస్ట్ నుంచి వేరుచేయడానికే ఇంత శ్రమ పడుతున్నప్పుడు, ఆ వేరుచేయడాన్నే బూటకం చేసే ప్యాచ్ పెట్టుకోవడంలో అర్థం లేదు.

బావ ల్యాబ్‌లో ఈ గొడవ చాలావరకు రాకుండా పోవడానికి కారణం రెండు పోర్టుల కార్డు. ఇంటెల్ ఐ350 రకం కార్డులో రెండు పోర్టులు ఒకే పరికరంలోని రెండు ఫంక్షన్లుగా కనిపిస్తాయి: 03:00.0 ఒకటి, 03:00.1 మరొకటి. రెండూ బయటి కనెక్షన్లకే, రెండూ ఒకే వీఎంకే కాబట్టి అవి కలిసి ఒకే గ్రూపులో ఉన్నా విడిగా ఉన్నా తేడా లేదు. మదర్‌బోర్డులో ఉన్న పోర్టు హోస్ట్‌కు మిగిలింది. ఫ్రీబీఎస్‌డీ మీద నడిచే ఓపీఎన్‌సెన్స్‌కు ఇంటెల్ కార్డుల డ్రైవర్లు బాగా కుదురుతాయి. పైగా అదే ఫ్రీబీఎస్‌డీలో వర్ట్ఐఓ కార్డులకు చెక్‌సమ్ ఆఫ్‌లోడ్‌ను (చెక్‌సమ్ లెక్కను కార్డుకు వదిలేయడాన్ని) ఆపి ఉంచవలసిన పని ఉంటుంది, బయటి వైపు ఆ బెడద తప్పింది. ఇటువంటి కార్డు కర్నూలు దుకాణాలలో అడిగితే దొరకడం కష్టం. హైదరాబాద్ వెళ్లేవారితో సికింద్రాబాద్ సీటీసీ నుంచి తెప్పించుకోవచ్చు. ఐ350కి నకిలీలు మార్కెట్‌లో విరివిగా ఉన్నాయి కనుక, ధర మరీ తక్కువగా చెబితే అనుమానించాలి. పది గిగాబిట్ల కార్డులు చవకగా వస్తున్నాయని కొనేవారికి మరొక మాట: అవి గాలి బలంగా వీచే సర్వర్ పెట్టెల కోసం తయారైనవి, మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో, ఏసీ లేని గదిలో, మూసిన డెస్క్‌టాప్‌లో వాటిని పెడితే చేయి పెట్టలేనంతగా కాలుతాయి.

అప్పగించే కార్డును హోస్ట్ డ్రైవరు పట్టుకోకముందే వీఎఫ్ఐఓకు ఇవ్వడానికి రెండు దారులు ఉన్నాయి. తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య చెప్పి పట్టుకోమనడం ఒకటి, స్లాటు అడ్రసు చెప్పి పట్టుకోమనడం మరొకటి. మొదటి దారిలో, ఒకే మోడల్ కార్డులు రెండు ఉంటే రెండింటినీ వీఎఫ్ఐఓ లాక్కొంటుంది, హోస్ట్‌కు నెట్‌వర్క్ ఉండదు. రెండవ దారిలో ప్రమాదం వేరే: కొత్తగా ఒక కార్డు గుచ్చినా, బయోస్‌లో ఒక పరికరాన్ని ఆపినా పీసీఐ బస్సు సంఖ్యలు (అడ్రసులో మొదటి అంకెలు) జరిగిపోవచ్చు. నిన్నటిదాకా 03:00గా ఉన్నది ఇవాళ 04:00 అవుతుంది, 03:00లోకి డిస్కు కంట్రోలరో హోస్ట్ సొంత పోర్టో వచ్చి కూర్చుంటుంది, బూట్ కాగానే వీఎం దాన్ని తీసుకుపోతుంది. హోస్ట్ పోర్టు పేరు కూడా తరచుగా బస్సు సంఖ్యను బట్టే వస్తుంది కాబట్టి, పేరు మారి నెట్‌వర్క్ సెట్టింగులు దానికి అంటకుండా పోవచ్చు. ప్రాక్స్‌మాక్స్ 8లో వచ్చిన రిసోర్స్ మ్యాపింగ్, వేరే పరికరం వీఎంకు పోయే బెడదకు మంచి విరుగుడు. పరికరానికి ఒక పేరు పెట్టి నమోదు చేస్తే, ఆ అడ్రసులో ఉన్నది నమోదైన పరికరమేనా అని చూసి, కాకపోతే వీఎంను మొదలుపెట్టదు. పేరు మారే బెడదకు, హోస్ట్ పోర్టు పేరును మ్యాక్ అడ్రసుకు (కార్డుకు పుట్టుకతో వచ్చే సంఖ్యకు) కట్టివేయడం మేలు. అన్నిటికంటే ముందు, ఆ పెట్టెకు ఒక మానిటరు, కీబోర్డు అందుబాటులో ఉండాలి. ఊరికి అవతల కూర్చొని రిమోట్‌గా ఈ పని మొదలుపెట్టకూడదు.

లోపలి పోర్టును ఎందుకు అప్పగించకూడదంటున్నానో ఇప్పుడు చెబుతాను. ఒకే హోస్ట్‌లో ఉన్న వీఎంలు బ్రిడ్జి మీదుగా మాట్లాడుకొనేటప్పుడు ఆ డేటా పెట్టె దాటి బయటికే రాదు. ర్యామ్‌లో ఒకచోటు నుంచి మరొకచోటికి కాపీ అవుతుంది, గిగాబిట్ హద్దు కూడా దానికి వర్తించదు. ల్యాబ్‌లో రిపోర్టుల విండోస్ వీఎం, ఫైల్ సర్వర్ వీఎం రోజంతా చేసే పని అదే. రౌటర్ వీఎంకు లోపలి వైపు కూడా అసలు కార్డునే ఇస్తే, మిగిలిన వీఎంలు రౌటర్‌ను చేరడానికి హోస్ట్‌కు ఉన్న ఇంకొక పోర్టు నుంచి బయటికి వెళ్లి, స్విచ్ చుట్టి, మళ్లీ అదే పెట్టెలోకి రావాలి. రెండు కేబుళ్లు, రెండు స్విచ్ పోర్టులు, అదనంగా ఒక ఇరుకు దారి. దీనివల్ల కలిగే భద్రత ఏమీ లేదు, ఎందుకంటే లోపలి నెట్‌వర్క్‌లో హోస్ట్ ఎలాగూ ఉండనే ఉంది. పేషెంట్ల వై-ఫైని విడదీసే వీల్యాన్‌లు కూడా బ్రిడ్జిమీద హాయిగా నడుస్తాయి. ఇంకా పెద్ద సౌలభ్యం ఏమిటంటే, రౌటర్ వీఎం ఆగిపోయినా హోస్ట్, ఫైల్ సర్వర్, రిపోర్టుల కంప్యూటర్లు ఒకదానికొకటి అందుబాటులోనే ఉంటాయి. ఇంటర్నెట్ లేకపోయినా రిపోర్టు ప్రింటవుతుంది.

ఎస్ఆర్-ఐఓవీ గురించి అడిగేవారు ఉంటారు. ఒకే పోర్టును హార్డ్‌వేర్‌లోనే అనేక చిన్న కార్డులుగా చీల్చి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క వీఎంకు ఇచ్చే పద్ధతి అది. పీసీఐ ప్రమాణాల సంస్థ 2007లో దీన్ని ప్రకటించింది. ఐ350లో కూడా ఉంది, లినక్సులో పోర్టుకు ఏడు ముక్కల వరకు చేసుకోవచ్చు. పోర్టులు తక్కువ, వీఎంలు ఎక్కువ ఉన్నచోట అది గొప్ప సదుపాయం. మన అవసరానికి మాత్రం కుదరదు: మూలమైన ఫంక్షన్ హోస్ట్ చేతిలోనే, హోస్ట్ డ్రైవరుతోనే నడవాలి, అంటే హోస్ట్‌ను బయటి తీగ నుంచి పూర్తిగా తప్పించాలన్న లక్ష్యమే నెరవేరదు. యూఎస్‌బీ నెట్‌వర్క్ అడాప్టరును వీఎంకు ఇవ్వడం కూడా పాస్‌త్రూ పేరుతోనే చెలామణి అవుతుంది గానీ, అక్కడ ప్రతి బైటూ క్యూఈఎంయూ మధ్యవర్తిత్వంలోనే నడుస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకోను.

ఈ ఏర్పాటుకు చెల్లించే మూల్యం కూడా ఉంది. కార్డు ఏ క్షణాన ఏ అడ్రసులో రాస్తుందో హోస్ట్‌కు తెలియదు కాబట్టి, వీఎంకు ఇచ్చిన ర్యామ్ మొత్తం మొదటినుంచీ దానికే కట్టుబడిపోతుంది. బెలూనింగ్‌తో వెనక్కి తీసుకోవడం కుదరదు. నడుస్తున్న వీఎంను మరొక హోస్ట్‌కు తరలించలేము, ర్యామ్‌తో కూడిన స్నాప్‌షాట్ తీయలేము. డిస్కు స్నాప్‌షాట్‌లకు, బ్యాకప్‌కు ఇబ్బంది లేదు. ఒక్క పెట్టె ఉన్న ల్యాబ్‌కు తరలింపు లేకపోవడం లోటు కాదు, రౌటర్‌కు ఇచ్చే ర్యామ్ కూడా తక్కువే. కొన్ని చవక కార్డులు వీఎంను ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు శుభ్రంగా రీసెట్ కావు, హోస్ట్‌నే రీబూట్ చేయవలసి వస్తుంది. ఫంక్షన్ స్థాయి రీసెట్ ఉన్న కార్డులతో ఆ బాధ ఉండదు, కొనేముందు చూసుకోవాలి.

కరెంటు సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. వేసవిలో కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, తిరిగి వచ్చినప్పుడు ఎవరూ లేకుండానే అంతా లేవాలి. బయోస్‌లో కరెంటు రాగానే ఆన్ కమ్మని చెప్పాలి, రౌటర్ వీఎం అన్నిటికంటే ముందు లేచేటట్టు వరస పెట్టాలి. హోస్ట్ అడ్రసును స్టాటిక్‌గా ఇవ్వడం తప్పనిసరి, ఎందుకంటే డీహెచ్‌సీపీతో అడ్రసులు పంచే రౌటర్ ఇంకా లేవలేదు. డీఎన్‌ఎస్ కూడా అప్పటికి ఉండదు, టైము సరిచేసుకోవడానికి ఇంటర్నెట్ ఉండదు. మదర్‌బోర్డు మీద బ్యాటరీ నీరసించిన పాత మెషీన్‌లో గడియారం ఏ సంవత్సరంలోకో వెళ్లిపోయి, సర్టిఫికెట్లు చెల్లవన్న ఫిర్యాదులు మొదలవుతాయి. నాణెం ఆకారపు ఆ బ్యాటరీని ముందే మార్చడం అన్నిటికంటే చవకైన జాగ్రత్త. హోస్ట్‌కు అప్‌డేట్లు వేసేటప్పుడు కూడా, డౌన్‌లోడ్ పూర్తయ్యేదాకా రౌటర్ వీఎంను ఆపకూడదు.

మన ఊళ్లలో ఫైబర్ కనెక్షన్లు చాలావరకు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగే పీపీపీఓఈ పద్ధతిలో ఉంటాయి, కొందరు లోకల్ ఆపరేటర్లు మ్యాక్ అడ్రసును కూడా నమోదు చేసుకొంటారు. బ్రిడ్జిలో వీఎంకు మనం ఇచ్చిన మ్యాక్ కనిపించేది. పాస్‌త్రూలో కార్డులో పుట్టుకతో ఉన్న మ్యాక్ కనిపిస్తుంది. కాబట్టి మార్పు చేసే రోజున లాగిన్ కాకపోతే కార్డును తప్పుపట్టకుండా, ఓపీఎన్‌సెన్స్‌లో ఆ ఇంటర్‌ఫేసుకు పాత మ్యాక్‌ను రాసి చూడాలి. పీపీపీఓఈ ప్యాకెట్లను ఇటువంటి కార్డులు వేర్వేరు క్యూలకు పంచలేవు, అన్నీ ఒకే క్యూలో, ఒకే కోర్ మీద పడతాయి. వేగం కోసం పాస్‌త్రూ చేసినవారికి ఇది ఒక ఆశాభంగం. ల్యాబ్ కనెక్షన్‌కు ఒక కోర్ చాలు.

కార్డు గానీ పెట్టె గానీ చెడిపోయిన రోజు కోసం ఒక ఏర్పాటు ముందే ఉండాలి. అసలు కార్డుతో నడిచే వీఎం వేరే మెషీన్‌లో ఉన్నదున్నట్టుగా లేవదు, ఆ అడ్రసులో ఆ పరికరం లేదని ఆగిపోతుంది. పీసీఐ వరసను తీసేసి, ఒక వర్ట్ఐఓ కార్డును చేర్చి, దాన్ని తాత్కాలికంగా బ్రిడ్జికి కలిపితే వీఎం లేస్తుంది. లోపల మాత్రం ఐజీబీ0 అన్న ఇంటర్‌ఫేసు కనిపించక, కొత్తగా వీటీనెట్1 అన్నది కనిపిస్తుంది. ఓపీఎన్‌సెన్స్ కన్సోల్‌లో మొదటి ఆప్షన్‌తో బయటి ఇంటర్‌ఫేసుగా దాన్ని ఎంచుకొంటే కనెక్షన్ వస్తుంది. ఆ తాత్కాలిక బ్రిడ్జికి ఐపీవీ6 ఆపి ఉంచాలని ఇంతకుముందు చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది. ఈ క్రమమంతా తెలుగులో ఒక కాగితంమీద రాసి, ఏ పోర్టు ఏ కనెక్షన్‌దో గుర్తులు పెట్టి, సెట్టింగుల బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో పాటు బావ బీరువాలో పెట్టాను.